గట్టిగా చదవాల్సిన కాగితాలు

అనంతపురం గురించి ఎవరు రాసినా వానతో మొదలుపెడతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు దాటీ దాటని వాన. అదీ వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో మొహం చాటేసి, చెట్లు పీకి వామి వేసే ముందు వచ్చి పడే వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. దాన్నొక బిరుదులా చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. ఎండిన చెరువు, బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతు, ఇంటికి తాళం వేసి బెంగుళూరు బస్సెక్కిన కుటుంబం... ఈ చిత్రాలన్నీ నిజమే. కానీ వీటిలో మా మనుషులు ఎప్పుడూ ఏదో ఒకటి పోగొట్టుకుంటూనే కనిపిస్తారు. నలుగురూ ఒకచోట కూర్చుని ఒక సంగతి తేల్చుకోవడం, లెక్క అడగడం, అడిగినదానికి జవాబు రాబట్టడం కనిపించదు. ఈ కరువు నేల మీద జనం తమ ఊరి పాలనను తామే చూసుకోవడం ఎలా నేర్చుకున్నారు, ఎక్కడిదాకా నేర్చుకుని ఆగారు అన్నది కూడా మా జిల్లా కథే. అందులో ఆడవాళ్ళ పాలు పెద్దది. నేను చూసినంతలో ఆ కథ చెప్పాలని ఈ వ్యాసం.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశం మొత్తానికీ ఆ పథకం మొదలైంది ఇక్కడే. పథకానికి ఎంత పెద్ద పేరున్నా మా ఊళ్ళలో జనం దాన్ని "కరువు పని" అనే అన్నారు. ఆ మాట వెనక చాలా పాత జ్ఞాపకం ఉంది. 1876-78 నాటి ధాత కరువు రోజుల నుంచీ, కరువొచ్చినప్పుడల్లా సర్కారు కంకర కొట్టించీ మట్టి మోయించీ ఇంత కూలో గంజో ఇచ్చేది. అది దొరల దయ. ఎవరికి పనిచ్చారు, ఎన్ని రోజులు ఇచ్చారు, కాగితంలో ఎంత రాసుకున్నారు అని అడిగే హక్కు మట్టి మోసినవాళ్ళకు లేదు.

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఆ వరస మార్చింది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి, ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి. ఇవి చాలామందికి తెలిసినవే. అంతగా తెలియనిది అందులోని 17వ సెక్షన్. ఊళ్ళో జరిగే పనులన్నిటినీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని ఆ సెక్షన్ చెప్పింది. అంటే గుంత తవ్విన మనిషికే ఆ గుంత లెక్క చూసే అధికారం వచ్చిందన్నమాట. ఇది ఢిల్లీలో కూర్చున్న ఎవరికో ఉన్నట్టుండి తట్టిన ఆలోచన కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు 1994 నుంచీ ఊరి మధ్యన జనాన్ని కూర్చోబెట్టి, పంచాయతీ పనుల హాజరు పట్టీలూ బిల్లులూ వాళ్ళ ముందే చదివేవాళ్ళు. 2005 నాటి సమాచార హక్కు చట్టానికి ఆ బహిరంగ విచారణలు ఒక పునాది. వాళ్ళ అనుభవం తోడుగా 2006లో మా జిల్లాలో పాదయాత్రలతో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. తర్వాత అది ఆంధ్రప్రదేశ్ అంతటా ఒక పద్ధతిగా స్థిరపడింది.

ఆ తొలి సంవత్సరాల్లో నేనూ గ్రామ సామాజిక తనిఖీదారుగా కొన్ని ఊళ్ళు తిరిగాను. కూలి ఇళ్ళ నుంచి వచ్చి, ఇంతో అంతో చదువుకున్న పిల్లల్ని ఆ పనికి తీసుకునేవాళ్ళు. మండల కేంద్రంలో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. మస్టరు ఎలా చదవాలి, కొలతల పుస్తకంలో రాసిన పొడవు వెడల్పు లోతుల్ని టేపు పట్టుకుని గుంతలో దిగి ఎలా సరిచూడాలి, పోస్టాఫీసు పాసుపుస్తకంలో అంకెల్ని మస్టరుతో ఎలా పోల్చాలి అని నేర్పారు. దానికన్నా ముఖ్యంగా కొన్ని నిబంధనలు చెప్పారు. ఎవరి సొంత ఊరికి వాళ్ళు పోకూడదు. ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో గానీ, సర్పంచ్ ఇంట్లో గానీ టీ కూడా తాగకూడదు. ఎస్సీ కాలనీ నుంచి మొదలుపెట్టాలి. ఒక్క ఇల్లు కూడా వదలకూడదు. ఎవరైనా "మా ఇంట్లో అంతా బాగానే ఉందిలే, పోండి" అన్నా సరే, వాళ్ళ పేరున ఉన్న లెక్క వాళ్ళకు చదివి వినిపించే కదలాలి.

అప్పట్లో ఈ నిబంధనలు నాకు చాదస్తంలా అనిపించాయి. అసలు బలం వాటిలోనే ఉందని తర్వాత్తర్వాత తెలిసొచ్చింది.

ఒక ఊళ్ళో, దీపాలు పెట్టే వేళ, కాలనీలో ఒక అరుగు మీద కూర్చుని చదువుతున్నాం. ఒకామె వంతు వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయి.

"ఈ మస్టరు ప్రకారం మే నెల మూడో వారంలో మీరు చెరువు పూడిక పనికి ఆరు దినాలు పోయినారు. 480 రూపాయలు తీసుకున్నారు. నిజమేనా అక్కా?"

"మే నెలా? లేదమ్మా. ఆ వారం నేను ఊర్లోనే లేను. మా పాప కాన్పుకని పోయింటి. వేలిముద్ర ఎవురు ఏసినారంట?"

మస్టరు ఆమె ముందు పెట్టాం. ఆమె ఆ నల్లటి ముద్ర వైపు కాసేపు చూసి, "నాకు సంతకం వచ్చు కదమ్మా, నేను ఏలెందుకు ఏస్తాను?" అంది.

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకప్పటి రాత్రి బడిలో పలక పట్టుకుని ఆమె సంతకం నేర్చుకున్న సంగతి వాళ్ళందరికీ తెలుసు. ఆ నవ్వులో నుంచి ఇంకో గొంతు వచ్చింది: "ఆ వారం నేను ఆరు దినాలూ పోతి. నాకెందుకు మూడే రాసినారు?" ఆ వెనకే ఇంకొకరు: "నా పాసుపుస్తకం నా దగ్గరే లేదు, ఇంగ నాకేం తెలుస్తుంది?" అరగంటలో ఆ అరుగు చుట్టూ ముప్ఫై మంది పోగయ్యారు. మేము చదవడం, వాళ్ళు ఒకరి మాటకొకరు సాక్ష్యం చెప్పడం. చనిపోయినవాళ్ళ పేర్లూ, బెంగుళూరులో కట్టడాల పనికి పోయినవాళ్ళ పేర్లూ వచ్చాయి. మనుషులు తవ్వినట్టు రాసిన కాలవను నిజంగా తవ్వింది పొక్లెయిన్ అని ఒక పిల్లవాడు చెప్పాడు.

ఇలాంటి సంగతులు మన పత్రికల్లో రాసేటప్పుడు మనకో అలవాటుంది. ఒక స్త్రీని ముందుకు తెచ్చి, ఆమె ధైర్యాన్ని కొనియాడతాం. నోరు లేని దళిత స్త్రీ నోరు విప్పింది అని రాస్తాం. ఆ వాక్యం చదివితే మనకూ ఉత్సాహంగా ఉంటుంది. నేను చూసినదాన్ని ఆ వాక్యంలో పెట్టాలంటే నాకు కుదరడం లేదు. మొదటి సంగతి, ఆమె ఎప్పుడూ నోరు లేని మనిషి కాదు. కొళాయి దగ్గర, కలుపు చేలో, పెళ్ళి మాటల దగ్గర ఆమె మాటకు ఎదురు లేదు. రెండోది, ఆ సాయంత్రం ఆమె ధైర్యం చేయాల్సిన అవసరం మా పద్ధతిలోనే లేదు. ఆమె ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

ఫిర్యాదుకీ జవాబుకీ మధ్య తేడా మా సీమలో పుట్టినవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళలో ఒక మనిషి మీద ఫిర్యాదు చేస్తే ముందుగా వచ్చే ప్రశ్న "అది నిజమా?" అని కాదు, "నువ్వు ఎవరి పక్క?" అని. తరాలుగా ముఠాలుగా చీలిన ఊళ్ళలో మాట్లాడిన ప్రతి మాటా ఏదో ఒక పక్షం ఖాతాలో జమైపోతుంది. రేషన్ షాపులో తూకం తక్కువని అడిగిన ఆడమనిషి మర్నాటికి ఎదుటి వర్గం మనిషి అయిపోతుంది. ఆమె మొగుణ్ణి పిలిచి అడుగుతారు. అలా చూసి చూసి జనం, అందులోనూ ఆడవాళ్ళు, తెలిసిన సంగతి కూడా తెలియనట్టు ఉండడం నేర్చుకున్నారు. దాన్ని మనం అమాయకత్వం అనుకుంటాం. అది బతకడానికి అవసరమైన తెలివి.

ప్రతి ఇంటికీ పోయి ప్రతి పేరూ చదవడం అనే నిబంధన ఈ చిక్కుముడిని విప్పింది. ఎవరూ లేచి నిలబడి వేలెత్తి చూపించనక్కర్లేదు. కాగితమే ఇంటికొచ్చి అడుగుతుంది: ఈ ఆరు రోజులు నువ్వు పని చేశావా? ఔననో కాదనో చెప్పాలి. పక్కింట్లోనూ అదే అడుగుతారు. సర్పంచ్ చుట్టాల ఇంట్లోనూ, ఎదుటి వర్గం వాళ్ళ ఇంట్లోనూ అదే అడుగుతారు. అందరినీ అడిగినప్పుడు చెప్పిన జవాబును ఏ ఒక్కరి ఖాతాలోనూ వేయలేరు. ధైర్యవంతురాలైన ఒక స్త్రీ దొరికేదాకా ఆగాల్సిన పని లేకుండా, మామూలు స్త్రీ మామూలుగా నిజం చెప్పగలిగే ఏర్పాటు అది. ప్రజాస్వామ్యం అంటే నాకు ఆ ఊళ్ళలో అర్థమైంది ఇదే. అసాధారణమైన మనుషుల మీద ఆధారపడనిదే ప్రజాస్వామ్యం.

ఇళ్ళ దగ్గర చెప్పిన జవాబులు గ్రామసభకు చేరేసరికి కష్టం మొదలయ్యేది. మా ఊళ్ళలో సభ అంటే రచ్చకట్ట. రచ్చకట్ట మీద ఎవరు కూర్చుంటారో, ఎవరు కింద నిలబడతారో, ఎవరు గోడ పక్కన కొంగు కప్పుకుని వింటారో శాసనం రాసిపెట్టినంత కచ్చితంగా అందరికీ తెలుసు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్, గ్రామాన్ని పాలనకు ఆధారం చేయనందుకు, వ్యక్తినే ఆధారంగా తీసుకున్నందుకు సంతోషం తెలిపారు. ఊరంటే సంకుచితత్వానికీ కులానికీ నిలయమని ఆయన బతికి తెలుసుకున్న సంగతి. గ్రామ స్వరాజ్యం గురించి తీయగా మాట్లాడేవాళ్ళకు ఆ మాటలు ఇవాళ్టికీ మింగుడుపడవు. ఆడవాళ్ళకు మాత్రం అర్థమవుతాయి. ఊరు దానంతటది ప్రజాస్వామ్యం కాదు. ఊరికి వదిలేస్తే రచ్చకట్టే మిగులుతుంది.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి స్త్రీలకు మూడో వంతు స్థానాలు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2011లో దాన్ని సగానికి పెంచారు. ఆ మేలును తక్కువ చేయను. కానీ మహిళా సర్పంచ్ పక్కన ఆమె భర్త కుర్చీ వేసుకుని కూర్చున్న సభల్లో నేను కూర్చున్నాను. కుర్చీ మారినంత మాత్రాన సభ మారదు. సభ మారాలంటే సభ జరిగే తీరు మారాలి.

మేము తిరిగిన ఊళ్ళలో అది కొంత మారింది. చిన్న చిన్న మార్పులే. సభ రచ్చకట్ట దగ్గర కాకుండా బడి ఆవరణలో పెట్టాం. బడి ఎవరి కులానిదీ కాదు. అందరూ కిందే కూర్చోవాలి, అధికారులతో సహా. పొద్దున్న పది గంటలకు పెడితే ఆడవాళ్ళు పనిలో ఉంటారు కాబట్టి, సాయంత్రం వంటలు ముగించుకుని వచ్చే వేళకు మార్చాం. ఎవరి పేరు చదివితే వాళ్ళే ముందు మాట్లాడాలి. భర్త గానీ కొడుకు గానీ లేచి "మా ఆమె ఏమంటుందంటే" అని అందుకుంటే, "ఉండన్నా, పేరు ఆమెది" అని చెప్పి ఆమె వైపే చూసేవాళ్ళం. ఆమె చెప్పింది రాసుకుని, రాసుకున్నది తిరిగి చదివి, "ఇదేనా నువ్వు చెప్పింది?" అని అడిగేవాళ్ళం.

ఆ చివరి మెట్టు గురించి ఇంకొంచెం చెప్పాలి. తన మాటను ఎవరో కాగితం మీద రాయడం, రాసింది తనకే వినిపించి సరేనా అని అడగడం... ఇది ఆ ఆడవాళ్ళలో చాలామందికి కొత్త అనుభవం. వాళ్ళ జీవితంలో కాగితమంటే ఎప్పుడూ పైనుంచి వచ్చి వేలిముద్ర అడిగేదే. అప్పు కాగితం, పొలం కాగితం, పంచాయితీ ఒప్పుకోలు కాగితం. ఆ కాగితాల్లో ఏముందో వాళ్ళకు ఎవరూ చదివి చెప్పలేదు. ఒకామె తన జవాబు మొత్తం విని, "అట్ల కాదు, 'నేను అడగలేదు' అని రాసినావు, 'అడిగితే ఇయ్యలేదు' అని రాయి" అని సరిదిద్దింది. రెండు మాటల తేడా. ఆ తేడాలోనే పని అడిగే హక్కు మొత్తం ఉంది.

మరి తర్వాత ఏమైంది? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆపేస్తే ఇది కూడా ఒక విజయగాథ అయిపోతుంది.

తనిఖీ చివర్న మండల కేంద్రంలో ప్రజావేదిక జరిగేది. ఊళ్ళలో తేలినవన్నీ అధికారుల ముందు చదివేవాళ్ళు. కొంత డబ్బు తిరిగి కట్టించారు. కొందర్ని పనిలోంచి తీశారు. మేము జీపెక్కి ఇంకో మండలానికి పోయాం. ఆ ఊరివాళ్ళు ఎక్కడికీ పోలేదు. నెల రోజుల తర్వాత సంతలో ఆ కాలనీ ఆమె ఒకరు కనిపించి చెప్పింది: "మా వీధోళ్ళకి పని ల్యాకుండా చేసినారమ్మా. అడిగితే కొలతలు కాలేదంటారు, కంప్యూటర్‌లో మీ పేర్లు రాలేదంటారు." నిజం చెప్పినందుకు శిక్ష అలాగే ఉంటుంది. ఎవరూ కొట్టరు, తిట్టరు. పని మాత్రం ఉండదు. వేసవిలో మా దగ్గర కరువు పని లేకపోతే ఉన్నది బెంగుళూరు బస్సే.

అయితే ఆమె అంతటితో ఆపలేదు. శిక్షణలో మేము ఊరికే చెప్పిపోయిన ఒక సంగతిని వాళ్ళు పట్టుకున్నారు. పని కావాలని దరఖాస్తు ఇస్తే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. ఆ తేదీ నుంచి 15 రోజుల లెక్క మొదలవుతుంది. ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు తలా ఒక కాగితం రాయించుకుని, సొంత ఖర్చుతో ఆటో మాట్లాడుకుని మండల ఆఫీసుకు పోయారు. దరఖాస్తులు తీసుకుని పొమ్మన్నారు. "తేదీ ఏసి రసీదు ఇస్తే పోతాం నాయనా" అని వరండాలో కూర్చున్నారు. ఒక్కరే పోయి ఉంటే సాయంత్రానికల్లా లేచి వచ్చేసేవాళ్ళు. ఇరవై ముగ్గురు ఉండేసరికి ఒకరు నీళ్ళు తెచ్చారు, ఒకరు పిల్లల్ని చూశారు, ఒకరికి భయం వేస్తే ఇంకొకరు పరాచికాలాడారు. చీకటి పడే వేళకు రసీదులు చేతికొచ్చాయి. పదకొండో రోజున పని వచ్చింది.

ఈ సంగతి చెప్తూ ఆమె కొంగు ముడి విప్పి ఆ రసీదు చూపించింది. నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. మేము వాళ్ళ ఊరికి పోయి చేసిన తనిఖీ కన్నా, మేము లేనప్పుడు వాళ్ళు సంపాదించుకున్న ఆ రసీదు నాకు పెద్దదిగా తోచింది. స్వపరిపాలన బయటివాళ్ళు వచ్చి జరిపించే కార్యక్రమం కాదు. బయటివాళ్ళు వెళ్ళాక ఊళ్ళో ఏం మిగులుతుందో అదే స్వపరిపాలన.

అది మిగలాలంటే తరచుగా చేస్తూ ఉండాలి. ఆరు నెలలకోసారి వచ్చే తనిఖీ సరిపోదు. ఈ విషయంలో మా జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో 1992 నుంచీ ఆడవాళ్ళు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. (2022లో జిల్లాను విడదీసినప్పుడు ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది.) 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు దారి ఇచ్చిన చట్టాల్లో దేశంలో అదే మొదటిది. ఆ చట్టం కింద ఈ ఆడవాళ్ళ సంఘాలు సహకార సంఘాలుగా నిలబడ్డాయి. తమ డబ్బు, తమ నిబంధనలు, తమ ఎన్నికలు, తమ సర్వసభ్య సమావేశం.

అలాంటి సంఘాల్లో జరిగేదాంట్లో గొప్ప దృశ్యం ఏమీ ఉండదు. ప్రతి నెలా చాప మీద కూర్చుని ఎవరు ఎంత కట్టారో పైకి చదువుతారు. అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో వాదించుకుంటారు. కూతురి పెళ్ళికా, ఎద్దు చచ్చిపోయినవాళ్ళకా? ఓడిపోయినవాళ్ళు అలిగి, వచ్చే నెల మళ్ళీ వస్తారు. ఓడిపోయి కూడా మళ్ళీ రావడం, గెలిచినవాళ్ళు లెక్క చెప్పాల్సి రావడం. ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా కష్టమైన పాఠం ఉందని నేననుకోను. ఇళ్ళలో ఆడవాళ్ళకు ఈ పాఠం దొరకదు. అక్కడ మాట నెగ్గించుకోవాలంటే ఏడవాలి, అలగాలి, కొడుకు చేత చెప్పించాలి. వాదించి, ఓటు వేసి, ఒప్పుకోవడం సంఘంలోనే నేర్చుకోవాలి. సంఘాలన్నీ ఇలా ఉన్నాయని కాదు. ముఖ్యమంత్రి సభకు మనుషుల్ని తోలడానికి గుర్తొచ్చే సంఘాలూ మన రాష్ట్రంలో లక్షల్లో ఉన్నాయి. బ్యాంకు అప్పు తీసుకోవడం, కట్టడం తప్ప ఇంకేదీ తేల్చుకునే హక్కు లేని చోట ఆడవాళ్ళు కూడడం వేరు, పాలించుకోవడం వేరు.

సామాజిక తనిఖీ కూడా ఆ దారిలో కొంత దూరం వెళ్ళింది. 2009లో దాని కోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. 2012లో ఒక రాష్ట్ర చట్టమూ వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలు మన దగ్గరికొచ్చి నేర్చుకున్నాయి. ఒక పద్ధతి నిలబడాలంటే సంస్థ కావాలి, నేను కాదనను. కానీ తనిఖీ కొందరి ఉద్యోగం అయ్యేకొద్దీ ఊరికి అది "వాళ్ళొచ్చినారు, రాసుకుని పోయినారు" అన్నట్టయింది. ఇళ్ళ దగ్గర చదివే ఓపిక తగ్గి, ప్రజావేదికలో అంకెలు చదివే తొందర పెరిగింది.

ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. 2023 జనవరి నుంచి పని చోట రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో పంపడం తప్పనిసరి చేశారు. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారంగానే కూలి చెల్లింపు. దొంగ పేర్లను అరికట్టడానికే ఇదంతా అన్నారు. ఫోటోకీ మస్టరుకీ ఉన్న తేడా చూడండి. మస్టరును అరుగు మీద పరిచి నలుగురూ చూడొచ్చు. "ఈమె ఆ వారం ఊళ్ళో లేదు" అని పక్కింటామె చెప్పొచ్చు. ఫోటో పైకి పోతుంది. అందులో ఉన్న ఆడవాళ్ళకు అది ఎక్కడికి పోయిందో, ఎవరు చూశారో తెలియదు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోతుంది. అడగడానికి మనిషి లేడు. కాగితం ఊరికి జవాబు చెప్పేది. ఫోటోకి ఊరే జవాబు చెప్పుకోవాలి. పారదర్శకత అనే మాట రెండుచోట్లా వాడతారు. ఎవరికి కనిపించడం పారదర్శకత అన్నదే అసలు ప్రశ్న.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. 125 రోజుల పని అంటున్నారు. ఖర్చులో రాష్ట్రాల వాటా పెరిగింది. దాని మంచి చెడ్డల మీద చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నాకున్న ఆందోళన ఒక్కటే. చట్టం పేరు మారినా, రోజుల సంఖ్య మారినా, కాలనీలో అరుగు మీద కూర్చుని పేరు పేరునా చదివే ఆ పని ఉంటుందా? అది పోతే వంద రోజులైనా నూట పాతిక రోజులైనా మళ్ళీ దొర దయే అవుతుంది.

ఉంటుందా అని ప్రభుత్వాన్ని అడిగినట్టే మనల్ని మనమూ అడుక్కోవాలి. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మంచిదే. ఒక రోజు సభ జరిగినందువల్ల మిగతా రోజుల సభలు వాటంతటవే జరగవు. విద్యా హక్కు చట్టం కింద ప్రతి ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు. ఆ కమిటీ తీర్మానాల పుస్తకం ఎప్పుడైనా తల్లులకు చదివి వినిపించారా? రేషన్ షాపు నిల్వల పట్టీ, అంగన్‌వాడీ గుడ్ల లెక్క, పొదుపు సంఘం పుస్తకం... ఇవన్నీ ఊళ్ళో ఉన్న కాగితాలే. చదవడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కర్లేదు. చదువుకున్న ఒక ఆడపిల్ల, వినడానికి పదిమంది, ఒక అరుగు ఉంటే చాలు. ఒకరి లెక్కే కాకుండా అందరి లెక్కా చదవాలన్న నియమం మాత్రం తప్పకూడదు.

ఇక ఈ పత్రిక చదివే మనం. మనలో చాలామందిమి సంఘాల్లో ఉన్నాం. మహిళా సంఘాలు, రచయిత్రుల వేదికలు, ఉద్యోగ సంఘాలు, అపార్టుమెంటు కమిటీలు. మన సంఘం ఖాతా పుస్తకం చివరిసారి సభలో పైకి చదివింది ఎప్పుడు? తీర్మానం రాసినవాళ్ళు అది రాసిన తర్వాత తిరిగి చదివి, "మీరు చెప్పింది ఇదేనా?" అని అడిగారా? కార్యదర్శి పదవి ఎన్నేళ్ళుగా ఒకరి దగ్గరే ఉంది? ఆమె మంచిదనీ, కష్టపడుతుందనీ, ఇంకెవరికీ తీరిక లేదనీ మనం చెప్పుకునే కారణాలన్నీ నిజమే అయి ఉండొచ్చు. ఆ ఊళ్ళలో మస్టరు దాచుకున్నవాళ్ళు కూడా జనానికి తీరిక లేదు, చదువు లేదు, మేము చూసుకుంటాం కదా అనే అన్నారు.